మూడు చెట్లు, ఒకే తేదీ

మా మేడంకు ఆ ఏడాది నలభై ఏడు నిండబోతున్నాయి. విదేశంలో రెండేళ్లు పరిశోధన చేసుకోవడానికి ఇచ్చే ఫెలోషిప్ ఒకటి ఉందని ఆమె నాకు చెప్పినప్పుడు నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. అది కొత్తగా చదువు ముగించిన వాళ్లకు ఇచ్చేది కాదట. ఏళ్ల తరబడి పనిచేసి, అనుభవం సంపాదించి, ఒకచోట ఆగిపోయిన వాళ్లు ఇంకో దేశంలో ఇంకొకరి దగ్గర కొత్త పద్ధతులు నేర్చుకుని రావడానికట.

"ఆగిపోయినోళ్లకు గూడ దారి పెట్టిండ్రు బేటా," అంది నవ్వుతూ.

ఆమె ఆగిపోవడానికి కారణాలు నాకు తెలుసు. ఒకసారి బయటి దేశం నుంచి పిలుపు వచ్చినప్పుడు వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. ఇంకోసారి వచ్చినప్పుడు ఇక్కడి చెట్లు కాపుకొచ్చాయి. మొదటి కారణం అందరికీ చెప్పేది. రెండోది నాకు మాత్రమే చెప్పింది. ఈ ఫెలోషిప్‌కు డాక్టరేట్ అందుకున్నాక ఇన్నేళ్ల లోపే దరఖాస్తు చేసుకోవాలన్న నియమం ఉంది. ఆమెకు అదే ఆఖరి ఏడాది.

మా పరిశోధన కేంద్రం భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. రెండు గదులు, ఒక వరండా, వెనక మేడం ఉండే క్వార్టర్. ఆమెది ఖమ్మం. ఇంట్లో అందరూ సైకిళ్ల దుకాణం నడిపినవాళ్లే. చెట్ల వెంట పడింది ఆమె ఒక్కతే. నాది ఎర్రుపాలెం దగ్గర పల్లెటూరు. ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరి అప్పటికి మూడేళ్లు. భద్రాచలంలో గది కిరాయికి తీసుకుని రోజూ షేర్ ఆటోలో వచ్చి పోయేదాన్ని.

నాకు ఎదురుగా నిలబడి మాట్లాడటం చేతకాదు. చేరిన కొత్తలో ఒక సందేహం అడగడానికి తలుపు దగ్గర మూడుసార్లు నిలబడి మూడుసార్లూ వెనక్కి వచ్చాను. చివరికి దాన్ని ఒక చిన్న కాగితం మీద రాసి, ఆమె టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. సాయంత్రానికి అదే కాగితం మీద ఎర్ర పెన్నుతో జవాబు రాసి ఉంది. కింద "మంచి ప్రశ్న" అని కూడా ఉంది. ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయిపోయింది. నోరు విప్పి మాట్లాడమని ఆమె నన్ను ఒక్కసారి కూడా అనలేదు. ఆ కాగితాలన్నీ నా డైరీలో అంటించుకున్నాను.

ఆమె పరిశోధన అడవి మామిడి మీద. తొమ్మిదేళ్ల క్రితం మా కేంద్రానికి దగ్గరున్న ఒక కోయ గూడెం చుట్టూ మూడు చెట్లను ఎంచుకుంది. ఒకటి గుట్ట మీద, ఒకటి వాగు ఒడ్డున, ఒకటి గూడెం వెనక. ఏటా ఒక్కో చెట్టుకు మొదటి పండు ఎప్పుడు వచ్చిందో, దాని బరువెంతో, తీపి ఎంతో రిజిస్టరులో రాసేవాళ్లం. పండ్లు తెచ్చేది గూడెంలో ఉండే ఒక ముసలావిడ. అందరం అవ్వ అని పిలిచేవాళ్లం. ఆవిడ మూడు చెట్ల పండ్లను మూడు గుడ్డల్లో విడివిడిగా కట్టి తెచ్చేది. గుట్టదానికి ఒక ముడి, వాగుదానికి రెండు ముళ్లు, గూడెందానికి మూడు. ఒక్క ఏడాది కూడా తప్పు ముడి వేయలేదు. మేడం ఆవిడను కూర్చోబెట్టి టీ పోసి, రిజిస్టరు తీసి తేదీ వేసేది.

దరఖాస్తులో ముఖ్యమైన సంగతి ఆ తేదీలే. గుట్ట మీద ఎండ ఎక్కువ, వాగు దగ్గర చల్లదనం ఎక్కువ. అయినా మూడు చెట్లూ ఏటా ఒకేసారి పండుతున్నాయి. కాబట్టి పండే కాలాన్ని నిర్ణయించేది వేడి కాదు, ఆ చెట్ల పుట్టుకలోనే ఏదో ఉంది. ఇదీ మేడం వాదన. స్వీడన్‌లో ఒక ప్రొఫెసర్ ఈ మాట చదివి ఎంతో ఆసక్తితో, తన దగ్గరికి వస్తే చేర్చుకుంటానని ఉత్తరం రాశాడు. అలా చేర్చుకునేవాళ్లు ఉంటేనే ఈ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి.

మామిడి చెట్టే లేని దేశంలో మామిడి గురించి ఏం నేర్చుకుంటారని కాగితం మీద రాసి అడిగాను. ఆపిల్ పూత తేదీలను అక్కడ తాతల కాలం నుంచి రాసిపెట్టుకున్నారని, అలాంటి పాత రాతల నుంచి చెట్ల సంగతి ఎలా రాబట్టాలో వాళ్లకు తెలుసని ఎర్ర పెన్నుతో జవాబు వచ్చింది. చివర ఇంకో వాక్యం ఉంది. "నాకు తొమ్మిదేళ్ల రాతలున్నాయి, చదవడం ఇంకా పూర్తిగా రాదు."

వాళ్ల అమ్మగారికి మాత్రం ఇదంతా నచ్చలేదు. ఖమ్మం నుంచి ఫోన్ చేస్తే ఆవిడ గొంతు స్పీకర్ పెట్టకపోయినా వరండా దాకా వినిపించేది.

"ఈ వయసుల పరాయి దేశం ఏందే నీకు? ఆడ ఎవరికి వండి పెట్టనీకి పోతున్నవ్?"

"ఎవరికీ వండొద్దనే పోతున్న అమ్మీ."

"అల్లా! మంచు పడ్తదంట గద. నీకు ఏసీ బస్సుల కూసుంటేనే తుమ్ములు."

"తుమ్ములు ఈడనే వదిలేసి పోత. నువ్వు జల్దీ గోలీలు వేసుకొని పండుకో."

ఫోన్ పెట్టేశాక ఆమె కాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేది. వెళ్లాలని ఆమెకు ఎంతగా ఉందో నాకు అప్పుడు తెలిసేది. అడిగితే చెప్పేది కాదు.

దరఖాస్తు పంపడానికి ఇంకా పది రోజులున్నాయనగా ఒక గ్రాఫ్ గీయమని చెప్పింది. అప్పటిదాకా ఆమె మూడు చెట్ల తేదీల సగటు తీసి ఒకే గీతగా చూపించేది. ఈసారి చెట్టుకో రంగు వేసి మూడు గీతలు చూపిస్తే బాగుంటుందనుకుంది. పాత రిజిస్టర్లన్నీ ముందేసుకుని తేదీలు కంప్యూటర్‌లో ఎక్కించాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులిచ్చాను. తెర మీద నీలం గీత ఒక్కటే కనిపించింది. ఏదో తప్పు నొక్కానేమోనని మొత్తం చెరిపి మళ్లీ చేశాను. మళ్లీ నీలమే. నీలాన్ని తీసేస్తే దాని కింద ఆకుపచ్చ ఉంది, అచ్చం అదే చోట. దాన్ని తీసేస్తే ఎరుపు. మూడు గీతలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఏ ఏడాదిలోనూ ఒక్క రోజు తేడా లేదు.

"దాదాపు ఒకేసారి" అని నేను కూడా ఎన్నోసార్లు టైపు చేశాను. దాదాపు కాదు, సరిగ్గా ఒకే రోజు. మా ఇంటి వెనక ఒకే టెంకల గుంతలోంచి లేచిన రెండు మామిడి చెట్లున్నాయి. వాటిలో ఒకటి పండి, తిని, టెంకలు పారేశాక గానీ రెండోది రంగు తిరగదు. పక్కపక్కన నిలబడ్డవే అలా ఉంటే, గుట్ట మీదదీ వాగు పక్కదీ ముందే మాట్లాడుకున్నట్టు ఒకే రోజు ఎలా పండుతాయి? రిజిస్టరు మళ్లీ చూశాను. ప్రతి ఏడాది ఆ తేదీకి ముందురోజు పేజీలో మేడం చేతిరాతతో చిన్న మాట ఒకటి ఉంది: గూడెంలో మామిడి కొత్త.

కొత్త అంటే ఆ గూడెంలో ఏ పంటకైనా చేసే పండుగ. పెద్దలు రోజు నిర్ణయిస్తారు. ఆ రోజు తొలి కాయలు దేవతకూ పెద్దలకూ పెట్టి, తర్వాతే ఊరు తింటుంది. మేడం ఏటా ఆ పండుగకు వెళ్లేది, మూడేళ్లుగా నేనూ వెళ్లాను. కొత్త కాకముందు అక్కడ ఎవరూ మామిడికాయ కోయరని, రాలినదైనా ఏరరని ఇద్దరికీ తెలుసు. ఆ తెలిసిన సంగతిని రిజిస్టరు పక్కన పెట్టి చూసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం రాశాను: "నేను చెబితే మేడం ఫెలోషిప్ పోతుంది. చెప్పకపోతే మేడం అబద్ధం చెప్పినట్టవుతుంది, అది అబద్ధమని ఆమెకు తెలియకుండానే." మూడో రోజు ఒక కాగితం మీద రెండే వాక్యాలు రాశాను. మన రిజిస్టరులో ఉన్నవి పండు పండిన తేదీలా, అవ్వ తెచ్చిన తేదీలా? అన్నీ కొత్త మర్నాడే ఉన్నాయి. దాన్ని గ్లాసు కింద పెట్టి, వెనక నర్సరీలోకి వెళ్లి అవసరం లేకపోయినా మొక్కలకు నీళ్లు పోశాను.

మేడం బయటికి వచ్చినప్పుడు చేతిలో ఎర్ర పెన్ను లేదు, స్కూటీ తాళం ఉంది.

"పద బేటా, గూడెం పోదాం."

మేం వెళ్లేసరికి అవ్వ ఇంటి ముందు చీపురుపుల్లలు కట్టలు కడుతోంది. మేడం నేల మీదే కూర్చుంది.

"అవ్వా, గుట్ట చెట్టు, వాగు చెట్టు ఒక్కనాడే పండుతయా?"

అవ్వ నవ్వింది. "ఒక్కనాడు ఎట్ల పండుతయమ్మా? గుట్టది ముందు. ఎండ అంత దాని నెత్తి మీదనే గద. వాగుది సోమరిది, నీడకు కూసుంటది. గుట్టది రాలబట్టినంక ఎన్నడో లేస్తది."

"మరి నాకు మూడు ఒక్కనాడే తెస్తివి గద, ఇన్నేండ్ల సంది!"

"కొత్త గాకముందు ఎట్ల తెస్త? ముట్టొచ్చునా? నీకు ఎరుకలేదా ఏంది? ఏడాదికోపాలి వచ్చి పాసెం తింటవ్. పోయినేడు రెండుసార్లు పెట్టించుకున్నవ్ గూడ."

"తిన్న అవ్వా," అంది మేడం. ఆమె మొహం ఎర్రబడింది. "గుట్టది ముందుగాల పండుతదని ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"నువ్వు అడిగితివా? తెచ్చిన, తేదీ ఏస్కున్నవ్. పండిన దినం కావాలంటే పండిన దినమే అడగాలె. ముట్టొద్దన్నరు గని చూడొద్దన్నరా? రోజూ ఆ చెట్ల కిందికెల్లే పోత." తర్వాత నా వైపు తిరిగి, "ఈ పిల్ల ఎప్పుడూ మాట్లాడదేంది? దీనికన్న తెలుసా?" అంది.

"తెలుసవ్వా. దానికే తెలిసింది," అంది మేడం.

అవ్వ చెబుతూ పోయింది. అడవి తగలబడ్డ ఏడు గుట్ట చెట్టు మరీ ముందు పండిందని, గాలివాన వచ్చిన ఏడు వాగు చెట్టు కొత్త దాటినా పచ్చిగానే ఉందని, అందుకే ఆ ఏడు రెండు ముళ్ల మూటలో పుల్లవి తెచ్చానని. మేడం వింటోంది గానీ రాసుకోవడం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఎందుకు రాసుకోలేదో చెప్పింది. అవ్వ యాది మీద తేదీలు వేస్తే ఒక తప్పు మీద ఇంకో తప్పు పెట్టినట్టవుతుందట.

ఆఫీసుకు వచ్చాక చాలాసేపు రిజిస్టర్ల ముందు కూర్చుంది. బరువులు, తీపి కొలతలు ఉన్నాయి, వాగు చెట్టు పండ్లలో తీపి ఎందుకు తక్కువుండేదో కూడా ఇప్పుడు తెలిసింది. తేదీలు మాత్రం చెట్లవి కావు, గూడెం పెద్దలవి. స్వీడన్ ప్రొఫెసర్ మెచ్చుకున్నది ఆ తేదీలనే.

"ఈ సంగతి ఇంకెవరికన్న తెలుసా?" అని అడిగింది.

"నా డైరీకి తెలుసు మేడం."

ఆమె ఒక్కసారిగా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. "నేను చూడకుండా ఉంటే బాగుండేది," అన్నాను. అంత పెద్ద మాట ఆమె ఎదురుగా నోటితో అనడం అదే మొదటిసారి.

"చూసినవ్ గద. ఇగ నేను చూడనట్టు ఎట్ల ఉండాలె?" అంది. "కంప్యూటర్ ఆన్ చెయ్యి. ఆయనకు ఉత్తరం రాద్దాం."

ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. మొదటి వాక్యంలోనే తప్పు ఒప్పుకుంది: మేము మీకు పంపినవి మామిడి పండిన తేదీలు కావు, ఒక ఊరు మామిడి తినడానికి అనుమతి ఇచ్చుకున్న తేదీలు. ఎందుకలా జరిగిందో వివరించింది. పండ్లు తెచ్చిన మనిషి ఏ పొరపాటూ చేయలేదని, తన ప్రశ్నలోనే పొరపాటు ఉందని రాసింది. "మీరు నన్ను చేర్చుకోను అన్నా అర్థం చేసుకుంటాను" అన్న వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, అది కూడా ఉంచమంది.

జవాబు కోసం నాలుగు రోజులు ఎదురుచూశాం. ఆ నాలుగు రోజులూ ఆమె నాతో మామూలుకన్నా ఎక్కువ మాట్లాడింది. ఇంటి దగ్గర మా రెండు మామిడి చెట్ల గురించి అడిగింది. నేను ఏం చదువుతుంటానో అడిగింది. అంతకుముందు ఎన్నడూ అడగలేదు, ఎందుకంటే నేను సంచిలో పుస్తకాన్ని టిఫిన్ డబ్బా కింద దాచుకుని వచ్చేదాన్ని. "కనపడ్తనే ఉంటది బేటా. అట్ట మీద నూనె మరకలు పడ్తున్నయి, డబ్బా పైన పెట్టుకో," అంది.

ఐదో రోజు ఉత్తరం వచ్చింది. పొగడ్త ఏమీ లేదు. పాత ప్రతిపాదన ఇక పనికిరాదని, అయితే తమ ఆపిల్ రాతల్లో కూడా పూత చూసిన రోజుకూ రాసిన రోజుకూ మధ్య ఇలాంటి చిక్కులున్నాయని, ఆ చిక్కుల మీద పనిచేయడానికి ఇష్టమైతే చేర్చుకుంటానని రాశాడు. ఎంపిక చేసేవాళ్లు ఏమంటారో తాను చెప్పలేనన్నాడు. ఈ ఏడాది చెట్లను కొత్తకు ముందు ఎవరైనా చూస్తున్నారా అని చివర అడిగాడు.

మిగిలినవి రెండు రోజులే. దరఖాస్తు మొత్తం తిరగరాశాం. మూడు చెట్లూ ఒకేసారి పండుతాయన్న పేజీలన్నీ తీసేశాక సగం కూడా మిగలలేదు. మనుషులు తమ అవసరం కోసం పెట్టుకున్న తేదీల వెనక నుంచి చెట్టు తేదీని ఎంతవరకు కనిపెట్టవచ్చు అన్నదే కొత్త ప్రశ్న. మేడం భయపడుతూనే రాసింది. పంపించాక, "ఇది పోయినా ఇదే సరైనది," అంది. ఆమె గొంతు మాత్రం అంత గట్టిగా లేదు.

చెట్లను చూసే పని నాకు పడింది. రోజూ పొద్దున్నే మూడు చెట్ల కిందికీ వెళ్లాలి. అవ్వ ఒకటే షరతు పెట్టింది. చూడొచ్చు, ముట్టరాదు. గుట్ట చెట్టు కింద మొదటి పండు కనిపించిన రోజు, అది సగం తినేసి ఉంది. కోతులు కొత్త కోసం ఆగవు. ఫోటో తీసి, పక్కన చిన్న జెండా గుచ్చి, తేదీ రాసుకున్నాను. వాసన ముక్కుకు తగులుతోంది. అవ్వ కొంచెం దూరంలో నిలబడి నా చేతులనే చూస్తోంది.

"నోరూరుతుందా పిల్లా?"

"ఊరుతుందవ్వా."

"ఊరనీ. నాకు డెబ్బై ఏండ్ల సంది ఊరుతది."

ఆ ఏడాది గుట్ట చెట్టుకూ వాగు చెట్టుకూ పదిహేడు రోజుల తేడా వచ్చింది. కొత్త ఆ రెండింటి మధ్య పడింది.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో జరిగింది. మేడం ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, కెమెరాలో కనిపించవని కాళ్లకు రబ్బరు చెప్పులే వేసుకుంది. నేను వరండాలో కూర్చుని విన్నాను. ఇన్నేళ్ల తప్పు తర్వాత మీ మిగతా లెక్కలను ఎందుకు నమ్మాలని ఎవరో అడిగారు.  నేను లేచి నిలబడ్డాను. ఆమె నెమ్మదిగా ఇంగ్లిష్‌లో చెప్పింది. నమ్మకండి, నాకు కూడా ఒక్కొక్కటీ మళ్లీ అడిగి చూడాలని ఉంది, అలా అడగడం సరిగ్గా నేర్చుకోవడానికే వస్తానంటున్నాను, అని.

మొదట వచ్చిన జాబితాలో ఆమె పేరు లేదు. వెయిటింగ్ అన్నారు. ఆమె ఆ మెయిల్ చదివి, లేచి వెళ్లి నర్సరీలో కలుపు తీసింది. నేనూ వెళ్లి పక్కన కూర్చుని తీశాను. వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఇంకో మెయిల్ వచ్చింది. ఎవరో వెళ్లలేకపోతున్నారట, ఆ చోటు ఆమెకు ఇచ్చారు. ఆమె ముందు ఖమ్మం ఫోన్ చేసింది. సంగతి విని అవతల వాళ్ల అమ్మగారు, "స్వెట్టర్లు ఎన్ని కావాలె?" అంది. ఈసారి గొంతు వరండా దాకా రాలేదు, మేడం చెబితే తెలిసింది.

ఆమె వెళ్లి ఇప్పటికి ఎనిమిది నెలలు. ఆమె టేబులు నేను వాడుకోవడం లేదు, పక్కనే చిన్నది వేసుకున్నాను. వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. కాగితాలు అంత దూరం వెళ్లవు గనుక నేను మాట్లాడాల్సి వస్తోంది. మొదట్లో ఏం చెప్పాలో డైరీలో రాసుకుని చదివేదాన్ని. ఇప్పుడు సగం చూడకుండానే చెబుతున్నాను. అక్కడ ఆపిల్ రిజిస్టర్లు రాసిన ఒక పాదిరి గారు ఆదివారాలు చెట్లు చూసేవాడు కాదట. అందుకే ఆయన తోటలో ఆదివారం నాడు ఒక్క పువ్వూ పూయలేదట. అది చెబుతూ ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

మొన్న పొద్దున చేసింది. ఈ ఏడాది గుట్ట చెట్టు కింద ఇంకా ఏమీ రాలలేదని చెప్పాను.

"బేటా, గూడెంల కొత్త అయిందా?"

"ఇంకా రోజు పెట్టలేదు మేడం. ఎందుకు?"

"ఈడ దుకాణంల మామిడిపండ్లు వచ్చినయి, ఏ దేశంవో. ఆగలేక ఒకటి కొన్న. ఇంటికొచ్చి కత్తి తీసినంక అవ్వ యాదికొచ్చింది. కోయబుద్ధి కాలే. వారం సంది కిటికీ కాడ కూసున్నది అది. మెత్తబడ్తున్నది."

"తినండి మేడం. అది మన చెట్టుది కాదుగా."

"అట్లనే అనుకున్న. గని చెయ్యి రాలే."

నాకు నవ్వొచ్చింది. "అయితే పండిన తేదీ అయినా రాసిపెట్టండి," అన్నాను.



"రాసిన బేటా," అంది. "కొన్న తేదీ వేరే, పండిన తేదీ వేరే. రెండు రాసిన."